దొంగ సంతకాల నుంచి మీ ఆండ్రాయిడ్ యాప్‌ను కాపాడుకోవడం ఎలా?

తిరుపతిలో నలుగురైదుగురు కలిసి యాప్‌లు రాసే చిన్న జట్లు, చిత్తూరు చుట్టుపక్కల పాల కేంద్రాలకూ మామిడి మండీలకూ లాడ్జీలకూ సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవారు, చివరి సంవత్సరం ప్రాజెక్టును నిజమైన వ్యాపారానికి అప్పగించబోతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను మాటిమాటికీ అడిగే ప్రశ్న ఒకటుంది. “మా యాప్‌ను ఎవరో విప్పి, మార్చి, మళ్లీ సంతకం చేసి పంచితే ఏం చేయాలి?” ఇక్కడ సంతకం అంటే, యాప్‌ను ఎవరు విడుదల చేశారో ఫోన్ పోల్చుకునేందుకు రహస్య కీతో వేసే డిజిటల్ ముద్ర. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే, మా జట్టులో మేము పాటించే క్రమాన్ని మొత్తంగా ఇక్కడ రాస్తున్నాను.

ఈ క్రమం మాకు ఒక నష్టం తరువాత ఏర్పడింది. మేము ఒక డెయిరీ యాప్ నిర్వహణను వేరొకరి దగ్గర నుంచి తీసుకున్నాం. రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత వచ్చింది, పదిహేను రోజుల బిల్లు ఎంత అయింది అన్నవి అందులో కనిపిస్తాయి. ఒకసారి అదే బొమ్మతో, అదే పేరుతో ఉన్న ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఒకటి పల్లెల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. బోనస్ జమ చేయడానికి బ్యాంకు ఖాతా వివరాలు మళ్లీ నమోదు చేయమని అది అడిగేది. పూతలపట్టు దగ్గర ఒక రైతు ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాను. ఆ ఫోన్ మొదట దొంగ ఫైలును తిరస్కరించింది. ఉన్న ప్యాకేజీతో ఇది పొసగడం లేదు కాబట్టి ఇన్‌స్టాల్ కాలేదని చెప్పింది. అంటే సంతకం వేరైన ఫైలును ఉన్న యాప్ మీద ఎక్కనివ్వకుండా ఆండ్రాయిడ్ తన పని తాను చేసింది. ఆ తరువాత ఏం చేశారని ఆయనను అడిగితే, “మీ ఆఫీసు పిల్లోడే గదా సార్ పోయినసారి పాతది తీసేసి కొత్తది ఏసుకోమనింది, అట్లే చేసినా” అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అంతకుముందు పనిచేసినవారు రెండు లాప్‌టాప్‌లలో, రెండు వేర్వేరు డీబగ్ కీలతో (తయారీలో పరీక్షలకు మాత్రమే వాడే కీలతో) విడుదలలు చేయడం వల్ల అప్‌డేట్ వచ్చినప్పుడల్లా సంతకం కుదిరేది కాదు. పాతది తీసేయమని ఫోన్‌లో చెప్పడం సహాయ సిబ్బందికి అలవాటైపోయింది. దొంగకు తలుపు తీసింది ఆ అలవాటే.

సిద్ధాంతం ఇక్కడ ఒక్కటి తెలిస్తే చాలు. ఆండ్రాయిడ్ యాప్ సర్టిఫికెట్‌ను (సంతకంతో పాటు వెళ్లే, తయారుచేసినవారి పేరూ పబ్లిక్ కీ ఉన్న పత్రాన్ని) సాధారణంగా ఏ సంస్థా ధ్రువీకరించదు. తయారుచేసినవారే తమ సర్టిఫికెట్‌పై తామే సంతకం చేసుకుంటారు. కాబట్టి సర్టిఫికెట్‌లో మీ సంస్థ పేరు, చిత్తూరు, ఆంధ్రప్రదేశ్ అని ఎవరైనా రాసుకోవచ్చు. ఆ పేరుకు సాక్ష్యంగా ఏ విలువా లేదు. విలువ ఉన్నది సర్టిఫికెట్ ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్రకు (సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టే, దానికే ప్రత్యేకమైన సంఖ్యకు) మాత్రమే. దానిని మీ ప్రైవేట్ కీ (మీ దగ్గరే ఉండే రహస్య కీ) లేకుండా ఎవరూ వాడుకోలేరు. పేరు చూసి నమ్మే తప్పును ఒకప్పుడు ఆండ్రాయిడే చేసింది. 2014లో ‘ఫేక్ ఐడీ’ పేరుతో బయటపడిన లోపం అదే: ఒక సర్టిఫికెట్ తనను ఫలానా సంస్థ జారీ చేసిందని చెప్పుకుంటే, ఆ సంస్థ నిజంగా దానిపై సంతకం చేసిందో లేదో వ్యవస్థ సరిచూసేది కాదు.

కావలసినవి

ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చే బిల్డ్ టూల్స్ ఉండాలి. వాటిలో సంతకం చేసి, సరిచూసే ఏపీకే సైనర్, ఏపీకే లోపలి ఫైళ్లను వరుసగా అమర్చే జిప్ అలైన్ అనేవి మనకు పనికొస్తాయి. జావాతో వచ్చే, కీలు తయారుచేసే కీటూల్, ప్లే కన్సోల్‌లో (ప్లే స్టోర్‌లో యాప్‌లను నిర్వహించే గూగుల్ సైటులో) యజమాని స్థాయి ప్రవేశం, మీ ఆధీనంలో ఉన్న సర్వర్, పరీక్షకు పక్కన పెట్టిన రెండు పాత ఫోన్లు, వేరే ఏ పనికీ వాడని రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలి. సర్వర్ లేకుండా అంతా ఫోన్‌లోనే నడిచే యాప్ అయితే మొదటి నాలుగు మెట్లు పూర్తిగా వర్తిస్తాయి, తరువాతివి చాలావరకు వర్తించవు.

1. ఇప్పుడు మీ యాప్‌పై ఉన్న సంతకం ఎవరిదో చూడండి.

మీ లాప్‌టాప్‌లో ఉన్న ఫైలును కాకుండా, వినియోగదారుడి ఫోన్‌లో ఉన్న ఏపీకేను బయటికి తీసి దానిని పరిశీలించండి. ఏపీకే సైనర్‌కు వెరిఫై ఆదేశం ఇచ్చి, సర్టిఫికెట్లను చూపమనే ఐచ్ఛికాన్నీ వివరంగా చెప్పమనే ఐచ్ఛికాన్నీ జోడిస్తే, ఏ ఏ సంతక పద్ధతులు వాడారో, సర్టిఫికెట్‌లో పేరు ఏమిటో, వేలిముద్ర ఏమిటో వరుసగా చూపిస్తుంది. పేరు దగ్గర ‘ఆండ్రాయిడ్ డీబగ్’ అని కనిపిస్తే అక్కడే ఆగిపోండి, మీరు డీబగ్ కీతో విడుదల చేశారు. ఆ కీ అలియాస్, సంకేతపదం లోకమంతటికీ తెలిసినవే.

రియాక్ట్ నేటివ్‌తో రాసినవారికి ఇక్కడ ప్రత్యేక హెచ్చరిక. ఆ టెంప్లేట్‌తో పాటు ఒక డీబగ్ కీస్టోర్ (కీలు ఉంచే) ఫైలు వస్తుంది. మీరు మార్చకపోతే విడుదల బిల్డ్ కూడా దానితోనే సంతకమవుతుంది. ఆ ఫైలు మీ దగ్గరే కాదు, ఆ టెంప్లేట్ దించుకున్న ప్రతివారి దగ్గరా ఉంటుంది. అంటే దొంగ తయారుచేసిన ‘అప్‌డేట్’ మీ అసలు యాప్ మీద ఏ అభ్యంతరమూ లేకుండా ఎక్కి కూర్చుంటుంది. రైతు పాతది తీసేయాల్సిన పని కూడా ఉండదు. ఫ్లటర్ టెంప్లేట్ కూడా విడుదల బిల్డ్‌ను మొదట డీబగ్ కీకే కట్టి ఉంచుతుంది, కాకపోతే ఆ కీ ఒక్కో యంత్రంలో ఒక్కోటిగా పుడుతుంది. మా డెయిరీ యాప్‌కు పట్టిన జబ్బు ఈ రెండోదే. రెండు సందర్భాలలోనూ గ్రేడిల్ (యాప్‌ను కట్టే పరికరం) ఫైలులో విడుదల విభాగాన్ని తెరిచి, సంతకం వరుసలో ఏ పేరు ఉందో మీ కళ్లతో చూడండి.

2. సొంత కీ తయారుచేసి, దానిని దాచే చోటు ముందుగా నిర్ణయించండి.

కీటూల్‌తో ఆర్‌ఎస్‌ఏ కీ జతను తయారుచేయండి. పొడవు కనీసం 2048 బిట్లు, వీలైతే 4096 ఉండాలి. చెల్లుబాటు పది వేల రోజులు పెట్టండి. ప్లే స్టోర్‌కు వెళ్లే కీ 2033 అక్టోబరు 22 తరువాత కూడా చెల్లుబాటులో ఉండాలన్న నియమం ఉంది కాబట్టి, తక్కువ రోజులు పెడితే ఎక్కించేటప్పుడే తిరస్కరిస్తారు.

కీస్టోర్ ఫైలును గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే పరికరంలో) పెట్టకండి. సంకేతపదాన్ని గ్రేడిల్ ఫైలులో రాయకండి. ఒకసారి గిట్‌లోకి వెళ్లిన ఫైలును తరువాత తొలగించినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది, కాబట్టి అలా జరిగి ఉంటే ఆ కీ పోయినట్టే లెక్క వేసుకోండి. మేము రెండు పెన్‌డ్రైవ్‌లలో నకళ్లు తీసి, ఒకటి ఆఫీసు బీరువాలో, ఇంకొకటి బ్యాంకు లాకరులో ఉంచాం. సంకేతపదం రాసిన కాగితం ఆ రెండు చోట్లా ఉండదు, మూడో మనిషి దగ్గర ఉంటుంది. పని మానేసి బెంగళూరో చెన్నైయో వెళ్లిపోయిన కుర్రవాడి లాప్‌టాప్‌లో మాత్రమే కీ మిగిలిపోయిన జట్లను నేను చూశాను. నాలుగో మెట్టులో చెప్పే ప్లే యాప్ సైనింగ్ లేకపోతే, కీ పోయిన యాప్‌కు ఇక అప్‌డేట్ ఇవ్వలేరు. కొత్త ప్యాకేజీ పేరుతో మళ్లీ మొదలుపెట్టాలి, వినియోగదారులందరికీ మళ్లీ ‘పాతది తీసేయండి’ అని చెప్పాలి.

3. సంతక పద్ధతిని సరిచేయండి.

పాత వీ1 పద్ధతి జిప్ లోపలి ఫైళ్లను ఒక్కొక్కటిగా సరిచూస్తుంది తప్ప ఏపీకేను మొత్తంగా చూడదు. 2017 డిసెంబరులో వెల్లడైన ‘జానస్’ లోపం దీనినే వాడుకుంది. ఏపీకే ముందు భాగంలో దొంగ కోడ్ అతికించినా, ఆండ్రాయిడ్ 5.0 నుంచి 8.0 వరకు ఉన్న ఫోన్లలో వీ1 సంతకం చెల్లిపోయేది. వీ2 ఆండ్రాయిడ్ 7.0తో వచ్చింది, ఫైలును మొత్తంగా కాపాడుతుంది. వీ3 ఆండ్రాయిడ్ 9తో వచ్చింది, పాత కీ నుంచి కొత్త కీకి మారే వెసులుబాటు ఇస్తుంది. మీ యాప్ కనీస స్థాయి ఆండ్రాయిడ్ 7.0 అయితే వీ1ను ఆపేసి వీ2, వీ3 పెట్టండి. అంతకంటే పాత ఫోన్లకు వీ1 తప్పదు, కానీ అది ఒంటరిగా ఉండకూడదు.

చేతితో సంతకం చేసేవారు తరచుగా చేసే తప్పు ఒకటుంది: ఏపీకే సైనర్‌తో సంతకం చేశాక జిప్ అలైన్ నడపడం. అలా చేస్తే సంతకం చెడిపోతుంది. ముందు అలైన్, తరువాతే సంతకం. పని పూర్తయ్యాక మొదటి మెట్టులోని వెరిఫై ఆదేశాన్ని మళ్లీ నడిపి, వీ2 ఎదురుగా ‘ట్రూ’ అని వచ్చిందో లేదో చూడండి.

4. అసలు వేలిముద్రలన్నీ ఒక చీటీ మీద రాసుకోండి.

2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు ప్లే స్టోర్‌కు యాప్ బండిల్ (గూగుల్ ఏపీకేలు తయారుచేసేందుకు ఇచ్చే ప్యాకేజీ) రూపంలోనే వెళ్లాలి, దానికి ప్లే యాప్ సైనింగ్ తప్పనిసరి. ఈ ఏర్పాటులో రెండు కీలు ఉంటాయి. మీరు బండిల్‌పై సంతకం చేసేది అప్‌లోడ్ కీతో. జనం ఫోన్లలోకి వెళ్లే ఏపీకేపై గూగుల్ సంతకం చేసేది యాప్ సైనింగ్ కీతో. అప్‌లోడ్ కీ పోతే కన్సోల్‌లో కోరి మార్పించుకోవచ్చు, కాబట్టి చిన్న జట్లకు ఈ ఏర్పాటు మేలే చేస్తుందని నా అభిప్రాయం.

తికమకంతా ఇక్కడే పుడుతుంది. ఐదో మెట్టులో చెప్పే తనిఖీ కోసం సర్వర్‌లో అప్‌లోడ్ కీ వేలిముద్రను నమోదు చేసి, విడుదలైన రోజే అసలు వినియోగదారులందరినీ దొంగలుగా తిరస్కరించినవారు చాలామంది ఉన్నారు. నమోదు చేయవలసినది ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో చూపే యాప్ సైనింగ్ కీ వేలిముద్ర. వెబ్‌సైట్ నుంచి నేరుగా కూడా ఏపీకే ఇస్తూ ఉంటే, దానిపై వాడిన కీ వేలిముద్ర కూడా జాబితాలో చేరాలి.

రూపం కూడా గమనించండి. కీటూల్ పెద్ద అక్షరాలతో, మధ్య మధ్య రెండు చుక్కలతో చూపిస్తుంది. ఏపీకే సైనర్ చిన్న అక్షరాలతో, చుక్కలు లేకుండా చూపిస్తుంది. వేలిముద్ర ఒక్కటే అయినా అక్షరాలుగా పోలిస్తే కుదరదు. చుక్కలు తీసేసి, అన్నీ చిన్న అక్షరాలకు మార్చి, సరిగ్గా 64 అక్షరాలు ఉన్నాయని చూసుకున్నాకే పోల్చండి.

5. తీర్పును యాప్‌లో కాకుండా సర్వర్‌లో ఇవ్వండి.

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే పాటించే ఓపిక మీకు ఉంటే ఇది పాటించండి. చాలామంది యాప్ తెరుచుకోగానే ప్యాకేజీ మేనేజర్‌ను (ఫోన్‌లోని యాప్‌ల వివరాలు చెప్పే ఆండ్రాయిడ్ భాగాన్ని) తన సంతకం అడిగి, తేడా వస్తే మూసుకునేలా రాసి, రక్షణ అయిపోయిందనుకుంటారు. ఆ తనిఖీ నడిచేది మార్చిన యాప్ లోపలే. యాప్‌ను విప్పగలిగినవాడు ఆ నాలుగు వరుసలనూ తీసేస్తాడు. లేదా ప్యాకేజీ మేనేజర్ జవాబును మధ్యలో పట్టుకుని అసలు సర్టిఫికెట్‌నే చూపిస్తాడు. ఆ తనిఖీ పెట్టండి, వద్దనను, అరకొర దొంగలను అది ఆపుతుంది. దానినే కాపలాగా నమ్ముకోకండి.

నమ్మదగిన మార్గం ప్లే ఇంటెగ్రిటీ, అంటే యాప్ అసలైనదో కాదో గూగుల్ చెప్పే సేవ. యాప్ ఒక ముఖ్యమైన పని చేయబోయే ముందు ఆ పనికి సంబంధించిన హాష్‌ను (ఆ వివరాల నుంచి లెక్కగట్టిన సంకేతాన్ని) జతచేసి గూగుల్ దగ్గర టోకెన్ (ధ్రువీకరణ చీటీ) తీసుకుంటుంది. టోకెన్‌ను మీ సర్వర్‌కు పంపుతుంది. మీ సర్వర్ దానిని గూగుల్ సర్వర్ ద్వారా విప్పించి చదువుతుంది. జవాబులో ప్యాకేజీ పేరు, మీరు పంపిన హాష్, సమయం, సర్టిఫికెట్ వేలిముద్ర, యాప్ గుర్తింపు తీర్పు ఉంటాయి. తీర్పు ‘ప్లే రికగ్నైజ్డ్’ అయితే ప్లే స్టోర్‌లోని అసలు యాప్. ‘అన్‌రికగ్నైజ్డ్ వెర్షన్’ అయితే ప్లే రికార్డులతో కుదరని యాప్. ‘అన్‌ఇవాల్యుయేటెడ్’ అంటే తీర్పు ఇవ్వలేదని మాత్రమే. దానిని పాస్ అయినట్టు లెక్కవేయడం నేను తరచుగా చూసే పొరపాటు. ఇంకొక పొరపాటు, హాష్‌నూ సమయాన్నీ పోల్చకుండా తీర్పును మాత్రమే చూడటం. అలా చేస్తే అసలు ఫోన్ నుంచి దొంగిలించిన ఒక టోకెన్‌ను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఇక్కడి వేలిముద్ర బేస్64 రూపంలో వచ్చిందో, నాలుగో మెట్టులో చూసిన హెక్సాడెసిమల్ రూపంలో ఉందో చూసుకుని పోల్చండి.

మామూలుగా రోజుకు పది వేల అభ్యర్థనల పరిమితి ఉంటుంది కాబట్టి ప్రతి తెరకూ అడగకండి. మా యాప్‌లో పాల లెక్క చూడటానికి ఏ టోకెనూ అక్కరలేదు. బ్యాంకు ఖాతా మార్చాలన్నా, ఫోన్ నంబరు మార్చాలన్నా తప్పనిసరి. సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో టోకెన్ రాకపోతే ఆ మార్పును పాల కేంద్రానికి వచ్చి చేసుకోమని చెబుతాం. రైతులకు అది కొంత ఇబ్బందే అయినా, ఒక పక్షం బిల్లు మొత్తం పోవడం కంటే అది నయం.

6. ప్లే స్టోర్ బయట పంచే యాప్ అయితే కీ అటెస్టేషన్ వాడండి.

ఫోన్ హార్డ్‌వేర్‌లోని కీస్టోర్‌లో కీ తయారుచేసినప్పుడు, ఆ కీని అడిగిన యాప్ ప్యాకేజీ పేరూ సంతకం వేలిముద్రా రాసిన సర్టిఫికెట్ వరుస ఒకటి వస్తుంది. సర్వర్ ఈ వరుసలో ప్రతి సంతకాన్నీ కింది నుంచి గూగుల్ మూల సర్టిఫికెట్ వరకు సరిచూడాలి. రద్దయిన సర్టిఫికెట్ల జాబితా చూడాలి. తాను ఇచ్చిన సవాలు సంఖ్యే తిరిగి వచ్చిందో చూడాలి. ఆ తరువాతే వేలిముద్ర చదవాలి. యాప్ వివరాలను ఆ సర్టిఫికెట్‌కు అందించేది ఆండ్రాయిడ్ వ్యవస్థే కాబట్టి, బూట్ స్థితి ధ్రువీకరించబడిందా, బూట్‌లోడర్ తాళం వేసి ఉందా అన్నవి కూడా చూడకపోతే రూట్ చేసిన (వ్యవస్థపై పూర్తి అధికారం తీసుకున్న) ఫోన్ అబద్ధం చెప్పగలదు. మూల సర్టిఫికెట్ పేరు ‘గూగుల్’ అని ఉందని వదిలేస్తే, 2014 నాటి తప్పును మీరు మళ్లీ చేసినట్టే.

ఐఫోన్ యాప్‌లకు ఐఓఎస్ 14 నుంచి ఆపిల్ వారి యాప్ అటెస్ట్ ఉంది, పద్ధతి దీనికి దగ్గరగానే ఉంటుంది.

7. సర్వర్‌కు వచ్చే సంతకాలను సరిగా తనిఖీ చేయండి.

యాప్ లోపల ఒక రహస్యాన్ని దాచి దానితో అభ్యర్థనలపై సంతకం చేయించకండి. ఏపీకేను విప్పే ఉచిత పరికరాలతో ఆ రహస్యం కొద్దిసేపటిలోనే బయటపడుతుంది. దానికి బదులు, ఓటీపీతో ప్రవేశించిన వెంటనే ఫోన్ కీస్టోర్‌లో ఒక కీ జత తయారుచేయించి, పబ్లిక్ కీని సర్వర్‌లో ఆ రైతు పేరున నమోదు చేయండి. ప్రైవేట్ కీ ఫోన్ దాటి రాదు. ఖాతా మార్పు వంటి అభ్యర్థనలన్నీ ఆ కీ సంతకంతో రావాలి.

సర్వర్ కోడ్‌లో నేను మళ్లీ మళ్లీ దిద్దిన తప్పులు ఇవి. జావాలో సంతకం వెరిఫై చేసే ఆదేశం సంతకం తప్పయితే సాధారణంగా ‘ఫాల్స్’ అని జవాబిస్తుంది, లోపం (ఎక్సెప్షన్) విసరదు. ఆ జవాబును ఏ ‘ఇఫ్’లోనూ పెట్టకుండా, లోపం రాలేదు కాబట్టి సరైనదే అనుకుని ముందుకు వెళ్లిన కోడ్ చాలా ఉంది. రెండోది, జేడబ్ల్యూటీ టోకెన్‌లో (ప్రవేశించినవారెవరో చెప్పే, సంతకం ఉన్న టోకెన్‌లో) వచ్చిన సంతక పద్ధతి పేరును నమ్మి దాని ప్రకారమే తనిఖీ చేయడం. టోకెన్‌లో ‘నన్’ (ఏ పద్ధతీ లేదు) అని రాసి పంపితే తనిఖీయే జరగదు. పద్ధతిని సర్వరే నిర్ణయించాలి. మూడోది పాత జావా. 15 నుంచి 18 వరకు ఉన్న జావా వెర్షన్లలో, రెండు భాగాలూ సున్నాలైన ఈసీడీఎస్‌ఏ (ఒక సంతక పద్ధతి) సంతకం దేనికైనా చెల్లిపోయే లోపం ఉండేది. 2022 ఏప్రిల్‌లో దానిని సరిచేశారు. మీ సర్వర్ ఆ నాటి వెర్షన్‌తోనే నడుస్తోందేమో ఈరోజే చూడండి.

8. మీ యాప్ మీద మీరే దాడి చేసి చూడండి.

పక్కన పెట్టిన రెండు ఫోన్లు ఇప్పుడు బయటికి తీయండి. మీ సొంత యాప్‌ను, అదీ పరీక్ష సర్వర్‌కు కట్టినదానిని మాత్రమే వాడండి.

ఏపీకేను ఏపీకే టూల్‌తో విప్పి, బొమ్మ ఒకటి మార్చి, మళ్లీ కట్టండి. సంతకం చేయకుండా ఎక్కిస్తే ఏ ఫోన్‌లోనూ ఎక్కకూడదు. తరువాత వేరే కొత్త కీతో సంతకం చేయండి. అసలు యాప్ ఉన్న మొదటి ఫోన్ దానిని తిరస్కరించాలి. యాప్ లేని రెండో ఫోన్‌లో అది ఎక్కుతుంది. కంగారు పడకండి, ఆండ్రాయిడ్ పనిచేసే తీరే అంత. ఆ ఫోన్ నుంచి ఖాతా మార్చబోతే సర్వర్ నిరాకరించాలి, నిరాకరించినట్టు లాగ్‌లో వచ్చిన వేలిముద్రతో సహా నమోదు కావాలి. ఇక్కడ ‘విజయవంతం’ అని వస్తే ఐదో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఆపైన నిన్నటి టోకెన్‌ను ఈరోజు పంపి చూడండి. అభ్యర్థనలో ఖాతా సంఖ్య చివరి అంకె మార్చి, పాత సంతకమే ఉంచి పంపండి. సంతకం స్థానంలో అన్నీ సున్నాలు పెట్టి పంపండి. మూడూ తిరస్కారం కావాలి. చివరగా ప్లే స్టోర్ నుంచి దించిన అసలు యాప్‌తో అదే పని చేసి, అది సాఫీగా జరిగిందని చూసుకోండి. ఈ ఆఖరి పరీక్ష మరచిపోయినవారే విడుదల రోజు ఫోన్లు మోగి ఇబ్బందిపడతారు.

9. సిబ్బంది మాటను మార్చండి.

‘పాతది తీసేసి కొత్తది వేసుకోండి’ అన్న సలహాను మీ సహాయ సిబ్బంది నోట పూర్తిగా ఆపించండి. మేము ప్రతి పాల కేంద్రంలో తూకం యంత్రం పక్కన ఒక కాగితం అతికించాం: “యాప్ ప్లే స్టోర్ నుంచే వస్తుంది. వాట్సాప్‌లో ఫైలు పంపము. ఫోన్ యాప్‌ను వద్దంటే పాతది తీసేయకండి, కేంద్రంలో చూపించండి.” చదవలేనివారికి పాలు కొలిచే అమ్మాయే ఆ మూడు మాటలూ చెబుతుంది.

అయినా దొంగ యాప్ బయటపడితే, ఆ ఏపీకే ఫైలును తొలగించకుండా వాట్సాప్ నుంచి లాప్‌టాప్‌లోకి తెచ్చి, మొదటి మెట్టులోని ఆదేశంతో దాని వేలిముద్ర తీసి తేదీ, సమయంతో రాసుకోండి. ఆ వేలిముద్రను సర్వర్ నిషేధ జాబితాలో వేయండి. డబ్బు పోయిన రైతు చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయించండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. యాప్ నడిపే సంస్థ తన వంతుగా సెర్ట్-ఇన్‌కు (దేశ కంప్యూటర్ అత్యవసర స్పందన బృందానికి) తెలియజేయాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం, నకిలీ మొబైల్ యాప్‌లతో సహా ఇలాంటి ఘటనలు తమ దృష్టికి వచ్చిన ఆరు గంటల లోపు సంస్థలు నివేదించాలి. ఆ గంటల్లో వెతుక్కునే పని లేకుండా, అసలు వేలిముద్రలు రాసుకున్న నాలుగో మెట్టు చీటీ నకలు ఒకటి ఫిర్యాదు కాగితాలతో కలిపి ముందే ఫైలులో పెట్టి ఉంచండి.